అంగడి నాటి మందు

కుర్ర డాక్టర్లు మా ఇంటికి వచ్చినప్పుడు, కాఫీ తాగడం అయ్యాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మేడమ్, మీరు మరచిపోలేని కేసు ఒకటి చెప్పండి." వాళ్లకు కావలసింది నేను ఎవరినో బతికించిన కథ. అలాంటివి రెండు మూడు ఉన్నాయి. కానీ వాటిలో నా గొప్ప ఎంతో, ఆ పిల్లల అదృష్టం ఎంతో ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను. అందుకని మెదక్ కథ చెబుతాను. అందులో తప్పు ఎవరిదో నాకు ఖాయంగా తెలుసు.

డెబ్బైల మొదటి రోజులవి. హైదరాబాదులో పిల్లల రక్త క్యాన్సర్ మీద పనిచేసే ఒక చిన్న పరిశోధన బృందంలో ఉండేదాన్ని. బృందం అంటే ఏదో ఊహించుకోకండి. మా ప్రొఫెసర్‌గారు, నేను, ఒక మైక్రోస్కోపు, తాళం వేసిన ఒక బీరువా. అంతకు ముందు ఆ జబ్బు వచ్చిన పిల్ల నెలల్లో పోయేది. కొత్తగా వచ్చిన మాత్రలతో జ్వరం తగ్గేది, పాలిపోయిన పెదాలకు రంగు వచ్చేది, రక్తంలో చెడ్డ కణాలు కనిపించకుండా పోయేవి. అయితే అవి ఎముకల మూలుగలో ఎక్కడో నక్కి ఉండేవి. మళ్లీ తల ఎత్తకుండా ఏళ్ల తరబడి మందు వేస్తూనే ఉండాలి. చిక్కంతా అక్కడే. గెంతుతూ ఆడుకుంటున్న పిల్లకు రోజూ మందు పోయమంటే ఏ తల్లి పోస్తుంది? పది మందిలో సగం మంది రెండో నెలకే మాయమయ్యేవాళ్లు. వాళ్లు మళ్లీ వచ్చేది జబ్బు తిరగబెట్టాకే.

"వాళ్లు మన దగ్గరికి రాకపోతే మనమే వాళ్ల దగ్గరికి పోదాం" అన్నారు ప్రొఫెసర్‌గారు. మనమే అంటే నేనే. నెలకు రెండు వారాలు మెదక్ దవాఖానాలో కూర్చుని, ఆ చుట్టుపక్కల పిల్లలు మందు మానకుండా చూడడం నా పని. మాది కృష్ణా జిల్లా. మెదక్ బస్సు దిగిన మొదటి రోజు అక్కడివాళ్లు మాట్లాడేది సగం అర్థం కాలేదు, నేను మాట్లాడేది వాళ్లకు సగం అర్థం కాలేదు. అయినా పట్టుదలకేం తక్కువ లేదు. ఇరవై తొమ్మిదేళ్ల వయసు, చేతిలో డిగ్రీ, నేను లేకపోతే ఈ జిల్లా ఏమైపోతుందో అన్నంత ధీమా.

అక్కడ నాకు దొరికిన పెద్ద దిక్కు కంపౌండర్‌గారు. నిజాం కాలంలో నౌకరీలో చేరిన మనిషి. తల మీద టోపీ, చెవిలో పెన్సిలు. ఆయన కట్టిన మందు పొట్లాన్ని ఎత్తు మీంచి విసిరినా విడిపోదు. నన్ను చూసి మొదటి రోజే అన్నాడు: "డాక్టరమ్మా, మీ మందు మస్తుగ పని చేస్తది గావచ్చు. గని మీ మాట పని చెయ్యాలె గద."

నా మాట నిజంగానే పని చేయలేదు. మా మందులు రెండు రకాలు. ఒకటి రోజూ వెయ్యాలి. రెండోది చాలా ఘాటైనది, వారానికి ఒక్కసారే వెయ్యాలి. అదే రోజూ వేస్తే విషం. ఇది మర్చిపోకుండా ఉండాలని గళ్లు గీసిన కార్డులు అచ్చు వేయించాను. రెండో మందు వేసిన రోజు గడిలో గుర్తు పెట్టమన్నాను. ఒక రైతు భార్య నెల తర్వాత కార్డు తెచ్చి చూపించింది. ప్రతి గడిలోనూ చక్కగా పసుపు బొట్టు పెట్టి ఉంది. మందు మాత్రం ఒక్కటి కూడా వెయ్యలేదు. కార్డుకు బొట్టు పెడితే పిల్లకు మేలవుతుందని ఎవరో చెప్పారట.

కంపౌండర్‌గారు ఆ కార్డును కిటికీ వెలుతురుకు పట్టి కాసేపు చూసి, "ముద్దుగ పెట్టింది" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఊరోళ్లకు తారీఖులు ఏం ఎర్క డాక్టరమ్మా? అంగడి ఎర్క. ఏ ఊరోనికన్న అడుగుండ్రి, వాని అంగడి ఎన్నడో నిద్రల గూడ చెప్తడు" అన్నాడు.

మా వైపు సంత అంటాం, అక్కడ అంగడి. ప్రతి పల్లెకూ దగ్గరలో ఒక అంగడి ఊరు ఉంటుంది. వారానికి ఒక రోజు ఉప్పూ మిరపకాయలూ కొనడానికి అక్కడికి పోతారు. అది తప్పిపోవడమంటూ ఉండదు. నాకు ఒక్కసారిగా దారి కనిపించినట్టయింది. కార్డులు చెత్తబుట్టలో పారేశాను. ఆ ఘాటు మందును ఒక్కో మోతాదు ఒక్కో పొట్లంగా కట్టించి, "అంగడి రోజు ఒక పొట్లం. అంగడి కాని రోజు ముట్టుకోవద్దు" అని చెప్పడం మొదలుపెట్టాను. అద్భుతంగా పని చేసింది. తల్లులు ఒక్క వారం తప్పకుండా మందు వేశారు. ఈ సంగతి రాస్తే ప్రొఫెసర్‌గారు జవాబులో నన్ను ఆకాశానికి ఎత్తేశారు. మా పద్ధతిని పరిశోధన వ్యాసంలో చేరుస్తానన్నారు. ఆ ఉత్తరాన్ని నా సంచీలో పెట్టుకుని తిరిగాను. ఆలోచన కంపౌండర్‌గారిదని జవాబులో రాయాలని మాత్రం నాకు తోచలేదు.

అలా ఊపు మీద ఉన్న రోజుల్లోనే ఆ పిల్ల కేసు వచ్చింది. ఆరేళ్లది. హైదరాబాదులో మొదటి విడత వైద్యం అయ్యి, బాగా కోలుకుని వచ్చింది. పై పన్ను ఒకటి ఊడింది, ఆ సందులోంచి ఈల వేసేది. మెదక్‌లోనే ఇల్లు. తండ్రి, తల్లి ఇద్దరూ గాజులు అమ్ముతారు. తండ్రి సైకిలు మీద పెట్టె కట్టుకుని వెళితే, తల్లి పిల్లను పట్టుకుని బస్సులో వెళ్లి ఆడవాళ్ల చేతులకు గాజులు తొడుగుతుంది. ఇవన్నీ నేనే అడిగి, నా చేత్తోనే రిజిస్టరులో రాశాను. తండ్రి వృత్తి, గాజుల వ్యాపారం. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, ఇప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

మూడు నెలలకు సరిపడా పన్నెండు పొట్లాలు కట్టించి తల్లికి ఇచ్చాను.

"అంగడి రోజు ఒక పొట్లం వెయ్యాలి. అంగడి తెలుసు కదా?" అన్నాను.

ఆమె నవ్వింది. "తెల్వకేంది డాక్టరమ్మా! మా బతుకే అంగడి."

ఆ జవాబు నాకు ఎంత నచ్చిందో! ఇంకేం అడగక్కర్లేదనుకున్నాను.

పన్నెండో రోజు పొద్దున నేను దవాఖానాకు వచ్చేసరికి ఆ తల్లి మెట్ల మీద కూర్చుని ఉంది. పిల్ల ఒళ్లో పడుకుని ఉంది. పెదాలు పగిలి నెత్తురు కారి ఎండిపోయింది. నోరు తెరిపిస్తే నాలుక, బుగ్గలు, అంగిలి అంతా పుండ్లు. ఒళ్లు కాలిపోతోంది. తొడల మీద సూదితో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు.

"జర జల్ది సూడుండ్రి డాక్టరమ్మా. మూడొద్దుల సంది గంజి గూడ మింగుతలేదు. నీళ్లు వోస్తే ఏడుస్తది."

నాకు కోపం వచ్చింది. ఎందుకో తెలుసా? జబ్బు తిరగబెట్టిందనీ, ఈమె మందు మానేసి ఉంటుందనీ అనుకున్నాను. "మందు మానేశావా?" అన్నాను గట్టిగా.

"అల్లా కసం, ఒక్క అంగడి తప్పలే" అంది ఆమె.

అబద్ధమాడుతోందనుకున్నాను. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అయినా చెబుతున్నాను.

పిల్ల వేలు గుచ్చి నెత్తుటి చుక్క తీసి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపును కిటికీ దగ్గరికి జరుపుకున్నాను. జబ్బు తిరగబెడితే పెద్ద పెద్ద చెడ్డ కణాలు కనిపించాలి. అవి లేవు. అసలు తెల్ల కణాలే లేవు. పలక అంతా వెతికితే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని దొరికాయి, అవీ మంచివే. రెండో పలక చేశాను, మూడోది చేశాను. ఎక్కడ చూసినా ఖాళీయే. నెత్తురు తయారయ్యే కార్ఖానాయే మూతపడ్డట్టుంది. జబ్బు మూలుగను తినేసినా ఇలాగే ఉండొచ్చు, మందు ఎక్కువైనా ఇలాగే ఉండొచ్చు. మొదటిదైతే మందు పెంచాలి. రెండోదైతే ఒక్క మాత్ర వేసినా పిల్ల చచ్చిపోతుంది. నోటి పుండ్లు మందు వైపే వేలు చూపిస్తున్నాయి. కానీ వారానికి ఒక్క పొట్లంతో ఇంత ఎలా అవుతుంది?

"మిగిలిన పొట్లాలేవి?" అన్నాను.

తల్లి గాజుల బుట్టలోంచి ఒక రేకు డబ్బా తీసి ఇచ్చింది. మూత తీశాను. పన్నెండు రోజులకు పన్నెండులో పది పొట్లాలు ఉండాలి. మూడే ఉన్నాయి.

కంపౌండర్‌గారు నా భుజం మీంచి డబ్బాలోకి చూశాడు. తల్లి ముఖం చూశాడు. చెవిలోంచి పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు.

"డాక్టరమ్మా, గీళ్లు గాజులమ్మెటోళ్లు. గీళ్లకు దినాం అంగడే" అన్నాడు.

అప్పుడు తల్లి వేళ్లు మడిచి చెప్పింది. "మెదక్ అంగడి నాడు ఒకటి ఇచ్చిన. చేగుంట అంగడికి పోయినం, ఆడ ఒకటి. రామాయంపేటల ఒకటి. నర్సాపూర్ల ఒకటి. తర్వాత ఏడుపాయల జాతర మూడొద్దులు. జాతర గూడ అంగడే గద అని దినాం ఒకటి ఇచ్చిన. మల్ల మెదక్ల ఒకటి, నిన్న చేగుంటల ఒకటి. పిల్ల చేదని ఉమ్మేస్తే బెల్లం పెట్టి మింగించిన." తొమ్మిది వేళ్లు మడిచి ఆగింది. "తప్పైందా?"

రైతు కుటుంబానికి అంగడి ఒక్కటి. గాజుల కుటుంబానికి ఎన్ని ఊళ్లుంటే అన్ని అంగళ్లు. నా రిజిస్టరులో ఉన్న తల్లులందరిలోకీ ఈమె నా మాటను ఎక్కువగా పాటించింది. అందుకే ఆమె పిల్ల చావుకు దగ్గరగా ఉంది.

ఆ విషానికి విరుగుడు సూదిమందు ఒకటుంది. అది మా ప్రొఫెసర్‌గారి బీరువాలో కొద్దిగా ఉంది. అది పడ్డా బతుకుతుందన్న హామీ లేదు, పడకపోతే మాత్రం ఆశ లేదు. హైదరాబాదుకు ట్రంక్ కాల్ బుక్ చేశాను. పిల్లను విడిగా ఒక గదిలో పడుకోబెట్టించి, ఎవర్నీ లోపలికి రానీయకుండా, మరిగించిన నీళ్లు, సూదులు, నోటికి ఊదా రంగు మందు, చేయగలిగిందంతా చేశాను. పదకొండు గంటలకు లైను దొరికింది.

ప్రొఫెసర్‌గారు సంగతి విని, "తిరగబెట్టింది. మందు పెంచు" అన్నారు.

"కాదు సార్, మందే ఎక్కువైంది."

"ఎలా అవుతుంది? వారానికి ఒకటే కదా?"

ఆ రోజుల్లో ట్రంక్ కాల్ అంటే అవతలివాళ్లకు వినబడాలంటే అరవాలి. "తప్పు నాది సార్!" అన్నాను. వినబడలేదన్నారు. "తప్పు నాది!" అని మళ్లీ అరిచాను. మూడోసారి అరిచేసరికి మందుల వరుసలో నిలబడ్డవాళ్లు, వార్డు ఆయమ్మ, గేటు దగ్గర సోడా అమ్మేవాడు అందరూ నా వైపు చూస్తున్నారు. మెదక్‌లో నా పరువు ఆ మూడు కేకలతో పోయింది. పోతే పోయింది. ప్రొఫెసర్‌గారికి మాత్రం విషయం అర్థమైంది. "రెండు గంటల బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను" అన్నారు.

ఫోను పెట్టి తల్లి దగ్గరికి వెళ్లాను. ఆమె గది గుమ్మం బయట గోడకు ఆనుకుని ఉంది. తండ్రి కూడా వచ్చి సైకిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆమెతో చెప్పాను, నువ్వేం తప్పు చేయలేదు, నేను చెప్పడమే తప్పు, వారానికి ఒక్కటే వెయ్యాలి అని. నేను ఊహించుకున్నది ఏడుస్తుందని, లేకపోతే అంతా దేవుడి దయ అంటుందని. ఆమె రెండూ చేయలేదు.

"మీరు చెప్తేనే గద నేను ఇచ్చింది" అంది. "నా చేతుల్తోని, బెల్లం పెట్టి ఇచ్చిన. ఇప్పుడు ఇంకో సూది అంటున్నరు. గది గూడ మీరే చెప్తున్నరు."

తండ్రి "చుప్" అన్నాడు. నేను వద్దన్నాను. ఆమె అన్నది న్యాయమే.

"అవును, నేనే చెబుతున్నాను" అన్నాను. "నమ్మమని అడగను. ఆ సూది వేసినప్పటి నుంచి పిల్ల లేచే దాకా నేను ఈ గదిలోంచి కదలను. నా మీద కన్నేసి ఇక్కడే కూర్చో."

ఆమె నిజంగానే కన్నేసి కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు బస్సు వచ్చింది. కండక్టరు చేతిలోంచి పెట్టె లాక్కున్నంత పని చేశాడు కంపౌండర్‌గారు. మొదటి సూది వేశాను. తర్వాత గంటలు లెక్కపెట్టుకుంటూ మిగిలినవి వేశాను.

ఎనిమిది రోజులు అలా గడిచాయి. ఒకరోజు జ్వరం తగ్గి మర్నాడు మళ్లీ వచ్చేది. ముక్కులోంచి నెత్తురు కారేది. రోజూ ఒక పలక చేసి కిటికీ దగ్గర చూసేదాన్ని, ఖాళీ. నేను దేవుళ్లకు పెద్దగా మొక్కే మనిషిని కాదు. ఆ వారం మాత్రం ఎవరినీ వదల్లేదు. తొమ్మిదో రోజు పలకలో ఒక చిన్న తెల్ల కణం కనిపించింది, పక్కనే ఇంకొకటి. కంపౌండర్‌గారిని పిలిచి చూపిస్తే, "ఏమున్నది గండ్ల, నాకేం గనవడతలేదు" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూనే. పదకొండో రోజు పిల్ల గంజి గిన్నె తోసేసి మిరపకాయ బజ్జీ కావాలని గోల పెట్టింది. నా జన్మలో విన్న మంచి మాటల్లో అదొకటి.

అక్కడితో అయిపోలేదు. హైదరాబాదు వెళ్లి వ్యాసానికి పట్టికలు తయారు చేస్తుంటే, ప్రొఫెసర్‌గారు ఈ పిల్ల పేరు దగ్గర వేలు పెట్టి, "తల్లి మందు తప్పుగా వాడింది అని రాసి తీసెయ్యి. లేకపోతే పద్ధతికే మచ్చ" అన్నారు. మంచి మనిషే ఆయన. పిల్లల కోసం ఎంత పాటుపడ్డారో నాకు తెలుసు. అయినా ఆ వాక్యం నేను రాయలేనన్నాను.

"తల్లి తప్పుగా వాడలేదు సార్. మనం చెప్పింది చెప్పినట్టు వాడింది. పద్ధతిలో లోపం ఉంది, అది నాది. రేపు ఇంకో జిల్లాలో ఇంకో డాక్టరు ఇదే చదివి ఇదే చెబుతాడు. అక్కడా గాజులమ్మేవాళ్లు ఉంటారు."

రెండు వారాలు నాతో మాట్లాడలేదు ఆయన. నేనూ ఆయనతో మాట్లాడలేదు. మొండిదానికి మొండివాడు దొరికాడని బీరువా కూడా అనుకుని ఉంటుంది. చివరికి వ్యాసం అచ్చయినప్పుడు ఆ తప్పు అందులో పూర్తిగా ఉంది, చేసింది డాక్టరేనని కూడా ఉంది. అంగడి ఆలోచన ఒక కంపౌండర్‌దనీ ఉంది.

పిల్ల కోలుకున్నాక అసలు ప్రశ్న మిగిలింది. మందు మళ్లీ మొదలుపెట్టాలి, లేకపోతే జబ్బు ఊరుకోదు. తల్లి ఒప్పుకుంటుందా? ఈసారి నేను చెప్పడం మానేసి అడిగాను. "మీ వారం ఎట్లా నడుస్తుందో నువ్వు చెప్పు, నేను వింటాను" అన్నాను. పొద్దున ఏ బస్సు, ఏ ఊరు, ఎక్కడ తింటారు, ఎవరింట్లో మంచినీళ్లు తాగుతారు, అన్నీ చెప్పింది. అంతా విన్నాక కూడా నాకేమీ తోచలేదు. ఆమే అంది:

"జుమ్మా నాడు ఇస్త. అంగడి ఊరికొక్కటి ఉంటది. జుమ్మా ఏ ఊరికి పోయినా ఒక్కనాడే వస్తది."

శుక్రవారం. అంత సులువు. ఆ తర్వాత కొత్త కుటుంబం ఎవరు వచ్చినా ముందు వాళ్ల వారం వాళ్ల చేత చెప్పించుకోకుండా నేను ఒక్క మాత్ర ఇవ్వలేదు. మీరు కూడా ఇవ్వకండి. మీ చేతి కింద కంప్యూటర్లు ఉన్నాయి కదా అని ఈ ముసలమ్మ మాట పక్కన పడేయకండి.

ఆ పిల్ల రెండేళ్ల పైన బతికింది. బడికి పోయింది. పన్ను వచ్చాక ఈల వేయడం రావడం లేదని నాతో దెబ్బలాడింది. ఈలోగా తల్లి తను తిరిగే ఊళ్లలో మా మందు వాడే పిల్లలెవరున్నారో తెలుసుకుని, గాజులు తొడుగుతూ తొడుగుతూ "మందు ఇచ్చినవా?" అని అడిగేది. నేను అడగమని చెప్పలేదు. తర్వాత ఒక ఎండాకాలం జబ్బు తిరగబెట్టింది. ఈసారి నిజంగానే. మా దగ్గరున్న మందులన్నీ వాడాం. ఏదీ లొంగదీయలేదు. పిల్ల పోయిన రోజు నేను హైదరాబాదులో ఉన్నాను. కంపౌండర్‌గారు పోస్టు కార్డు రాశాడు. అది చదివి ఆ రోజు ఏ పనీ చేయలేకపోయాను. ఇన్నేళ్లు చావులు చూశాక గట్టిపడతామంటారు. నేను పడలేదు.

పిల్ల పోయి నలభై రోజులు దాటాక, మెదక్‌లో నా ఓపీ నడుస్తుండగా ఆమె వచ్చింది. చేతికి గాజుల బుట్ట. నేను లేచి నిలబడ్డాను. కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు.

"చేగుంట అవుతల ఊర్ల ఒక పిల్ల ఉన్నది" అంది. "మీ దగ్గరి మందే. పిల్ల మంచిగైందని బంద్ వెట్టిండ్రు. నేను చెప్తే ఇంటలేరు. నీ పిల్ల బతికిందా అని అడుగుతున్నరు."

"నువ్వేం చెప్పావు?"

"రెండేండ్లు ఎక్కువ బతికింది అని చెప్పిన." బుట్ట ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది. "పన్నెండింటికి బస్సున్నది. లేవుండ్రి డాక్టరమ్మా. మందు సంగతి మీరు చెప్పుండ్రి. వాళ్ల వారం సంగతి నేను అడుగుత."

నేను సంచీ తీసుకుని ఆమె వెనకాలే నడిచాను.